పన్నెండో పేరు

"నీ వైవా అయిపోయిందమ్మా" అన్నాడు వెంకటరత్నం కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా.

శ్రుతి నవ్వింది. పొద్దున తొమ్మిదింటికి తెనాలి కాలేజీ ఆఫీసులో హెడ్ గుమస్తా జోకేస్తే నవ్వి తీరాలి. నవ్వకపోతే ఆ రోజుకి పని జరగదు.

"జోకు కాదు తల్లీ. ఇటొచ్చి చూడు."

బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి చూసింది. తెర మీద తన ఫోటో, తన పేరు, రిజిస్ట్రేషన్ నంబరు. వాటి కింద ఆకుపచ్చ అక్షరాల్లో ఒక్క వరుస.

డిగ్రీ ప్రదానమైనది. ఫైలు ముగిసినది.

శ్రుతి నవ్వు ఆగిపోయింది.

తీరాంధ్ర విశ్వవిద్యాలయానికి పెద్దాఫీసు బాపట్లలో ఉంది. తెనాలిలో ఉన్నది దాని కాలేజీ. ఈ కాలేజీలోనే శ్రుతి అయిదున్నరేళ్ళుగా పరిశోధన చేస్తోంది. చెట్ల బెరళ్ళ నుంచీ పూల నుంచీ తీసిన రంగులు నూలు మీద ఎన్ని ఉతుకుల దాకా నిలబడతాయన్నది ఆమె విషయం. తండ్రి శివనాగరాజు చీరాలలో నేతగాడు. కూతురి కోసం మగ్గం మీద నూట నలభై నమూనా ముక్కలు నేసి ఇచ్చాడు. థీసిస్ ఎప్పుడో పూర్తయింది. మిగిలింది వైవా ఒక్కటే. బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి ఎదుట కూర్చుని ప్రశ్నలకు జవాబులు చెప్పడం, అంతే.

అసలది మార్చి ఇరవై ఏడున జరగాలి. ఆ రోజు పొద్దున్నే పరీక్షాధికారికి గుండెల్లో నొప్పి వచ్చింది. వాయిదా వేశారు. మే నెలలో ఆయన పోయారు. కొత్త పరీక్షాధికారిని వేయడానికి విశ్వవిద్యాలయానికి నాలుగు నెలలు పట్టింది. చివరికి రేపు, గురువారం, పదకొండు గంటలకని ఖాయమైంది. నోటీసు తీద్దామని వెంకటరత్నం కంప్యూటరు తెరిస్తే కంప్యూటరు ఒప్పుకోవడం లేదు. అయిపోయిన వైవాకి మళ్ళీ నోటీసేంటంటోంది.

"ఎల్లుండి శుక్రవారం చీరాలలో నా సర్టిఫికెట్ల వెరిఫికేషనండి" అంది శ్రుతి. "లెక్చరరు పోస్టుకి లిస్టులో మొదటి పేరు నాదే. ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపించకపోతే రెండో పేరుకి ఇచ్చేస్తారు."

"తెలుసమ్మా. రేపు సాయంత్రానికల్లా నీ చేతిలో పెట్టిద్దామనేగా నేనూ తిరుగుతోంది."

"మరి ఇదెలా అయిందండి? ఎవరు చేశారు?"

వెంకటరత్నం కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "వార్షిక నివేదిక తల్లీ. అందులో ఎక్కినవన్నీ మొన్న సోమవారం పెద్దాఫీసువాళ్ళు కంప్యూటర్లోకి తోసేశారు. ఈ ఏడాది డాక్టరేట్లు పన్నెండు. పన్నెండో పేరు నీది." కళ్ళజోడు పెట్టుకుని ఆమె వంక చూశాడు. "ఎవరు చేశారని నన్నడుగుతావేం? మీ విభాగం వివరాలు టైపు చేసిందెవరు?"

టైపు చేసింది శ్రుతే.

ఇక్కడ ఆ విశ్వవిద్యాలయం అలవాటు ఒకటి చెప్పాలి. విద్యా సంవత్సరం లెక్క మార్చి ముప్పై ఒకటితో ముగుస్తుంది. కానీ నివేదికకు వివరాలు మార్చి పదో తారీఖుకల్లా బాపట్ల చేరాలి. మరి ఆ మిగిలిన ఇరవై రోజుల్లో జరగబోయేవో? వాటినీ జరిగినట్టే రాసేస్తారు. జరగబోయే సెమినార్లలో మేధావులు ప్రసంగించేశారు, విద్యార్థులు ఉత్సాహంగా స్పందించేశారు. ఒక ఏడాది ముఖ్య అతిథి రైలు తప్పిపోయి రానే లేదు. అయినా నివేదికలో ఆయన ప్రసంగ సారాంశం పది వరుసలు అచ్చయింది. ఎవరూ అడగలేదు.

మార్చి తొమ్మిదిన విభాగం రాత పనంతా శ్రుతి నెత్తినే పడింది. పరిశోధక విద్యార్థులంటే జీతం లేని టైపిస్టులని అన్ని విభాగాలకూ తెలుసు. ఆమె గైడు ఆచార్య గౌరీశంకరం వెనక నిలబడి తెర చూస్తూ అన్నారు, "నీ పేరేదమ్మా? ఇరవై ఏడున వైవా కదా. రాసెయ్."

రాసేసింది. కింద "వివరాలు సేకరించినవారు" అన్నచోట సంతకం కూడా చేసింది.

"దారి లేదాండి?" అంది ఇప్పుడు.

"ఒక్కటుంది. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి బాపట్లలో పాలక మండలి కూర్చుంటోంది. నివేదిక పాసు చేసేది అక్కడే. అందాకా అది చిత్తుప్రతే. ఈలోగా నీ గైడు దగ్గర్నుంచి ఉత్తరం పట్టుకెళ్ళి డిప్యూటీ రిజిస్ట్రారు చంద్రకళ మేడం చేతిలో పెడితే, సవరణ చీటీ కలుపుతారు. మండలి పాసు చేసేశాక మాత్రం ఆ ఆకుపచ్చ అక్షరాల్ని బ్రహ్మదేవుడు కూడా చెరపలేడు."

"సార్‌ని ఫోన్లో ఫోటో తీసి పంపమంటే?"

"నీకివన్నీ కొత్తా తల్లీ? గైడు ఉత్తరం కవర్లో రావాలి. జిగురు, జిగురు మీద అడ్డంగా సంతకం. దారిలో కవరు తెరిస్తే ఆ ఉత్తరం చెల్లదు." గోడ గడియారం వైపు చూశాడు. "తొమ్మిదీ నలభైకి రేపల్లె పాసింజరుంది. పరిగెత్తు."

పరిగెత్తింది.

రైలు కదులుతుండగా ఎక్కి, ఊపిరి అందాక గౌరీశంకరం గారికి ఫోన్ చేసింది. జూన్‌లో రిటైరయ్యాక ఆయన సొంతూరు రేపల్లెలోనే ఉంటున్నారు. "రా అమ్మా, ఇంట్లోనే ఉంటా. రాసిస్తాను, దానికేం" అన్నారు తేలిగ్గా. గుండె మీద బరువు సగం దిగింది. కానీ వేమూరులో రైలు ఆగినది ఆగినట్టే ఉండిపోయింది. పది నిమిషాలు. ఇరవై. అరగంట. ఎందుకాగిందో ఎవరికీ తెలియదు. శ్రుతి తలుపు దగ్గర నిలబడి సిగ్నలు వైపు చూస్తూ లెక్క వేసుకుంది. రేపల్లె నుంచి బాపట్లకు బస్సులో గంటన్నర. పన్నెండున్నరకు బస్సు పట్టుకోగలిగితే చాలు.

రేపల్లెలో దిగేసరికి పదకొండూ ఇరవై అయింది. ఆటో ఎక్కి ఆయన ఇంటి ముందు దిగింది. గౌరీశంకరం గారు వరండాలో పడక్కుర్చీలో కూర్చుని ఉన్నారు. తెల్లటి పంచె, భుజాన కండువా, ఒళ్ళో పేపరు.

"చెమటలు పట్టిపోయావేంటమ్మా? లక్ష్మీ, పిల్లకి మజ్జిగ పట్రా" అని లోపలికి కేకేశారు.

ఆయన భార్య శ్రీలక్ష్మి గ్లాసు తెచ్చి ఇచ్చి, "ఇంకా అవలేదా అమ్మా నీ డాక్టరేటు? మా మనవడు పుట్టినప్పట్నుంచీ వింటున్నా. వాడు ఒకటో క్లాసుకొచ్చాడు" అంది.

"అయిపోయిందంట ఆంటీ. నాకే తెలీలేదు" అంది శ్రుతి.

గౌరీశంకరం గారు పెద్దగా నవ్వారు. నవ్వి, పేపరు మడిచి పక్కన పెట్టారు. "ఎనిమిదోదానివి కదమ్మా నువ్వు. దేవకీదేవికైనా ఎనిమిదో కాన్పులోనేగా గందరగోళమంతా."

ఆ మాట ఆయన సరదాగానే అన్నారు. కానీ శ్రుతికి ఆ అంకె కథ తెలుసు. రిటైరైన ఆచార్యుణ్ణి మరో రెండేళ్ళు గౌరవ ఆచార్యుడిగా ఉంచాలంటే ఆయన కింద కనీసం ఎనిమిది మందికి డాక్టరేటు వచ్చి ఉండాలి. గది, కారు, బల్ల మీద పేరు పలక, అన్నీ ఆ ఎనిమిది మీదే నిలబడ్డాయి. ఏడుకు దిగితే అన్నీ పోతాయి.

"సార్, ఇది రాసిస్తే మీకు ఇబ్బందేమో..."

"నాకేం ఇబ్బందమ్మా? రేపు వైవా అవుతుంది, ఎనిమిది మళ్ళీ ఎనిమిదే. నాలుగు రోజులు అటూ ఇటూ. నువ్వు కూర్చో."

లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నారు. శ్రుతి గోడ మీద సన్మాన పత్రాలు చూస్తూ కూర్చుంది. ఒక్క పేజీ ఉత్తరానికి ఆయనకు ఇరవై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చినప్పుడు చేతిలో పొడుగాటి గోధుమరంగు కవరు ఉంది. జిగురు ఇంకా తడిగా ఉంది. దాని మీద అడ్డంగా ఆయన సంతకం.

"ఉన్నది ఉన్నట్టు రాశాను" అన్నారు. "ఒక్క అబద్ధం లేదు. వెళ్ళిరా, శుభం."

శ్రుతి వంగి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది.

పన్నెండూ ఇరవై అయిదుకు బస్సు దొరికింది. కిటికీ పక్కన సీటు. ఒళ్ళో కవరు. చెరుకుపల్లి దాటాక దాన్ని పైకెత్తి ఎండకు అడ్డంగా పట్టుకుంది. దళసరి కాగితం, లోపల ఏమీ కనపడలేదు.

పక్క సీట్లో రెండు అరటిగెలలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఇదంతా చూస్తోంది. "కోర్టు కాగితమా అమ్మాయ్?"

"కాదండి. యూనివర్సిటీది. నా గురించే."

"నీ గురించే అయితే చించి చదూకోవచ్చుగా?"

"చించితే చెల్లదండి."

"ఇదేం చోద్యం! నీ గురించి రాసింది నువ్వు చదవకూడదా? మా ఊళ్ళో పెళ్ళి సంబంధాలక్కూడా ఇంత గుట్టు లేదమ్మా" అంది ఆవిడ. కాసేపాగి, "మంచే రాసుంటాళ్ళే. మంచి మొహమే నీది" అని ఒక పండు తుంచి ఇచ్చింది.

శ్రుతి పండు తినబోతుండగా బస్సు ఆగింది. ముందు వరుసగా లారీలు, కార్లు, ట్రాక్టర్లు. కండక్టరు దిగి వెళ్ళి చూసి వచ్చాడు. కాలువ వంతెన మీద రొయ్యల లారీ అడ్డం తిరిగిందట. ఐసు, రొయ్యలు రోడ్డంతా పరుచుకుపోయాయట. క్రేను బాపట్ల నుంచి రావాలట.

ఒంటిగంటా పది.

ఒంటిగంటా నలభై.

శ్రుతి బస్సు దిగిపోయింది. కవరు చున్నీలో చుట్టి గుండెకు అదుముకుని, ఆగిన బళ్ళ పక్కనుంచి నడక మొదలుపెట్టింది. ఎండ మాడుస్తోంది. వంతెన మీద కరిగిన ఐసు నీళ్ళలో చెప్పులు జారాయి. లారీ ఇవతల జనం సంచుల్లో రొయ్యలు ఏరుకుంటున్నారు. అవతలికి దాటి అరమైలు నడిచాక ఒక ఆటో దొరికింది.

"బాపట్ల యూనివర్సిటీకి. మూడు లోపల ఉండాలన్నా."

"పరీక్షా చెల్లెమ్మా?"

"అలాంటిదే."

అతను తోక తొక్కిన తాచులా పోనిచ్చాడు. రెండూ నలభై మూడుకు విశ్వవిద్యాలయం గేటు ముందు ఆపాడు.

పెద్దాఫీసు మెట్లకు పూల దండలు కట్టారు. వరండాలో పాలక మండలి సభ్యుల కార్ల డ్రైవర్లు టీలు తాగుతున్నారు. శ్రుతి మొదటి అంతస్తుకు పరుగున ఎక్కింది. డిప్యూటీ రిజిస్ట్రారు చంద్రకళ సమావేశం హాలు పక్క గదిలో ఫైళ్ళ మీద చీటీలు అంటిస్తోంది. యాభై ఏళ్ళ మనిషి. మాటలో కరుకుదనం ఉన్నా మనసున్నదని విద్యార్థుల్లో పేరు.

"నువ్వేనా తెనాలి అమ్మాయివి? వెంకటరత్నం గారు మూడుసార్లు ఫోన్ చేశారు. తెచ్చావా?"

శ్రుతి కవరు అందించింది. చంద్రకళ సంతకం చూసింది, జిగురు చూసింది, స్టీలు స్కేలుతో పై అంచు తెరిచింది. చదివింది. చదువుతున్న మనిషి ముఖంలో ఏదో మారింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"ఇందులో ఏముందో నీకు తెలుసా?"

"తెలీదండి."

కాగితం ఆమె వైపు తిప్పింది. గౌరీశంకరం గారి గుండ్రటి అక్షరాలు.

'మార్చి ఇరవై ఏడున శ్రుతి వైవా జరగలేదు. ఆమెకు డిగ్రీ ప్రదానం కాలేదు. వార్షిక నివేదికకు మా విభాగపు వివరాలు సేకరించి, టైపు చేసి, సంతకం చేసి పంపినది శ్రుతియే. ఆ పత్రం మీద నా సంతకం లేదు. తగు చర్య నిమిత్తం తెలియజేయడమైనది.'

అయిదు వాక్యాలు. ఒక్క అబద్ధం లేదు.

"ఆయన చెప్తేనే రాశానండి!" అంది శ్రుతి. "వెనక నిలబడి మరీ చెప్పారు."

"ఎలా చెప్పారు? మెయిలా? మెసేజా?"

"నోటితో..."

"అందరూ నోటితోనే చెప్తారమ్మా" అంది చంద్రకళ. "సంతకాలు మాత్రం మీలాంటివాళ్ళవి ఉంటాయి." ఒక ఫైలు లాగి తెరిచింది. అందులో మార్చి తొమ్మిది నాటి పత్రం. కింద శ్రుతి సంతకం, ఏ తడబాటూ లేకుండా. "ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చదివేవాళ్ళకి ఏం కనపడుతుందో తెలుసా? తనకి తనే డాక్టరేటు ఇచ్చుకున్న అమ్మాయి కనపడుతుంది."

హాల్లో కుర్చీలు జరిపిన చప్పుడైంది. రెండూ యాభై రెండు.

"ఈ ఉత్తరం వద్దండి. నేనే ఒక అర్జీ రాసిస్తాను, అదొక్కటే పెట్టండి."

"గైడు ఉత్తరం లేకుండా సవరణ చీటీ తీసుకోకూడదు. రూలు."

"పోనీ, ఏమీ పెట్టకపోతే?"

"పెట్టకపోతే నివేదిక ఉన్నదున్నట్టు పాసవుతుంది. నువ్వు పుస్తకంలో డాక్టరువి, చేతిలో కాగితం లేదు. అయిపోయిన వైవా మళ్ళీ పెట్టరు, జరగని వైవాకి సర్టిఫికెట్ ఇవ్వరు. పాత తారీఖు వేద్దామన్నా సంతకం పెట్టాల్సిన మనిషి పోయాడు."

"పెడితే?"

"విచారణ. అది తేలేదాకా వైవా ఆపేస్తారు."

"రెండిట్లోనూ రేపు వైవా లేదా అండి?"

"లేదమ్మా."

"మరి తేడా ఏంటండి?"

చంద్రకళ గ్లాసులో నీళ్ళు పోసి శ్రుతి ముందుకు జరిపింది. "పెడితే ఎప్పటికో ఒకప్పటికి నిజం తేలచ్చు. తేలేదాకా నువ్వు దొంగవి. పెట్టకపోతే నిన్నెవరూ దొంగ అనరు. కానీ నీ డిగ్రీ సంగతి ఇంక ఎవరూ ఎత్తరు. నువ్వే చెప్పు. మూడు నిమిషాలుంది."

శ్రుతి గ్లాసు పట్టుకుంది. అయిదున్నరేళ్ళు. నూట నలభై ముక్కల్లో ఒక్కోదాన్ని యాభైసార్లు ఉతికింది. రంగు పోయిన వాటిని పోయాయనే రాసింది. ఒక్క అంకె దిద్దలేదు.

"పెట్టండి" అంది.

చంద్రకళ ఉత్తరం చీటీకి పిన్ను కొట్టి హాల్లోకి వెళ్ళింది.

శ్రుతి వరండాలో నిలబడింది. తలుపు ఓరగా ఉంది. లోపల వైస్ ఛాన్సలరు గొంతు వినిపిస్తోంది. బోధనలో ప్రగతి, పరిశోధనలో శిఖరాలు, పాలనలో పారదర్శకత. డాక్టరేట్లు గత ఏడాది తొమ్మిది, ఈ ఏడాది పన్నెండు. చప్పట్లు. ఆ తరవాత చంద్రకళ గొంతు, నాలుగు మాటలు. తరవాత ఎవరిదో దగ్గు. గొంతులు తగ్గాయి. ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు. మళ్ళీ చప్పట్లు. పళ్ళాల్లో జీడిపప్పు, మిక్చరు పట్టుకుని అటెండరు లోపలికి వెళ్ళాడు.

మూడూ పదిహేడుకు చంద్రకళ బయటికి వచ్చింది. శ్రుతిని చూసి కళ్ళు పక్కకు తిప్పుకుంది.

"పాసయింది."

"నా చీటీ అండి?"

"చూశారు. పన్నెండు పదకొండైతే మన గ్రేడు ఒక మెట్టు దిగుతుందన్నారు ఒకాయన. గ్రేడింగ్ కమిటీకి పన్నెండని ఇప్పటికే పంపేశామన్నారు ఇంకొకాయన. చివరికి తీర్మానం రాయించారు." చేతిలో కాగితం చూసి చదివింది. "నివేదికకు భంగం కలగకుండా, సదరు విద్యార్థినిపై విచారణ జరపవలెను."

"అంటే?"

"అంటే నివేదికలో నీ పేరు ఉంటుంది. నీ మీద విచారణా ఉంటుంది."

శ్రుతికి అది బుర్రకెక్కడానికి కొంచెం సమయం పట్టింది. "డాక్టరేటు వచ్చిందని వాళ్ళే అంటారు. రాకుండా వచ్చినట్టు రాశానని నన్నే విచారిస్తారు. రెండూ ఎలా కుదురుతాయి మేడం?"

"రెండు వేరే వేరే ఫైళ్ళమ్మా" అంది చంద్రకళ. వెటకారం కాదు, అలసట. "విచారణ జనవరిలో మొదలవచ్చు. నేను చేయగలిగింది ఏమైనా ఉంటే..." ఆగిపోయింది. చేయగలిగింది ఏమీ లేదని ఆవిడకూ తెలుసు. హాల్లోంచి ఎవరో పిలిచారు. శ్రుతి భుజం మీద ఒకసారి చెయ్యి వేసి లోపలికి వెళ్ళిపోయింది.

మెట్లు దిగుతుండగా శ్రుతి ఫోను మోగింది. చీరాల కాలేజీ ఆఫీసు. సర్టిఫికెట్లు చూసే వెంకట్.

"కంగ్రాట్స్ మేడం! మీ యూనివర్సిటీ రిపోర్టు ఇప్పుడే సైట్లో పెట్టారండి. నూట పద్నాలుగో పేజీ. మీ పేరు చూశాను. మా ప్రిన్సిపాల్ గారు కూడా చూశారు. ఎల్లుండి పదింటికి ఆ ప్రొవిజనల్ ఒక్కటి పట్టుకొచ్చేయండి."

"ప్రొవిజనల్ లేదండి."

"శుక్రవారానికల్లా వస్తుందా?"

"రాదండి. నాకు డిగ్రీ ఇంకా రాలేదు."

"అదేంటి మేడం, రిపోర్టులో ఉంటే?"

"అది తప్పండి."

"యూనివర్సిటీ రిపోర్టు తప్పంటే ఎలాగండి? ఇప్పుడు నేను ఎవర్ని నమ్మాలి చెప్పండి. రిపోర్టుని నమ్మితే కాగితమేదంటారు మావాళ్ళు. మిమ్మల్ని నమ్మితే మీకు అర్హతే లేదు."

శ్రుతి మెట్టు మీద కూర్చుండిపోయింది. పక్కనుంచి అటెండరు కొత్తగా కుట్టిన నివేదిక ప్రతులు మోసుకుంటూ సభ్యుల కార్ల వైపు వెళ్తున్నాడు.

"నన్నే నమ్మండి" అంది.

వెంకట్ నిట్టూర్చాడు. మంచివాడిలాగే ఉన్నాడు. "రెండో పేరువాళ్ళకి ఫోన్ చేసుకోమంటారా మరి?"

"చేసుకోండి."

"సరే మేడం. ఏమనుకోకండి, మాకు రికార్డుకి కావాలి. ఆ ముక్కే రెండు వరుసలు మెయిల్లో పెట్టేయండి. మీకు మీరే తప్పుకుంటున్నట్టు. కింద మీ పేరు."

శ్రుతి ఫోను ఒళ్ళో పెట్టుకుని రెండు వరుసలూ టైపు చేసింది. కింద తన పేరు రాసింది. పంపింది.